డిజైన్ విద్యార్థుల పోర్ట్‌ఫోలియోల్లో తెలుగు అక్షరం ఎక్కడ?

సంపాదకులు గారికి,

నమస్కారం.

డిజైన్ కోర్సుల్లో ప్రవేశాల కాలం వచ్చిందంటే మీ విద్యా పేజీ కళకళలాడుతుంది. యూసీడ్ అనే డిజైన్ ప్రవేశ పరీక్షలో ఏమేమి అడుగుతారు, జాతీయ డిజైన్ సంస్థ ప్రవేశ పరీక్ష ఎన్ని దశల్లో జరుగుతుంది, హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో బీఎఫ్‌ఏ (లలిత కళల డిగ్రీ) సీటు కోసం బొమ్మలు ఎలా సాధన చేయాలి అన్న వివరాలు విద్యార్థులకు, వాళ్ల తల్లిదండ్రులకు నిజంగానే ఉపయోగపడుతున్నాయి. అయితే అలా చేరినవాళ్లు నాలుగేళ్ల తరువాత ఉద్యోగానికి దరఖాస్తు పంపే రోజున ఎంత సిద్ధంగా ఉంటున్నారన్నది మాత్రం మీ పత్రికలోనే కాదు, తెలుగులో మరెక్కడా పెద్దగా చర్చకు రావడం లేదు. ఆ దరఖాస్తులను చదివే పని నాకు ఏటా పడుతోంది కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

విజయవాడలో ఇరవై ఏళ్లకు పైగా పుస్తకాలు, సరుకుల పెట్టెలు, ప్రకటనలు రూపొందించే చిన్న స్టూడియో నడుపుతున్నాను. మా దగ్గర ఆరుగురికి మించి ఎప్పుడూ లేరు. ఏటా ఒకరినో ఇద్దరినో కొత్తవాళ్లను తీసుకుంటాం. ఆ ఒకటి రెండు ఖాళీలకు వచ్చే పోర్ట్‌ఫోలియోలను, అంటే అభ్యర్థులు తమ పనులను ఒకచోట కూర్చి పంపే ఫైళ్లను, రాత్రిళ్లు కూర్చుని ఒక్కటీ వదలకుండా చూస్తాను. ఏ కళాశాలవాళ్లయినా ఆఖరి సంవత్సరం పిల్లల పనులు చూసిపెట్టమని పిలిస్తే వెళ్తాను. కనుక నేను చెప్పబోయేది సర్వేలు చేసి తేల్చిన విషయం కాదు, ఒక బల్ల మీదికి చేరిన పనులను ఏళ్ల తరబడి చూడగా కుదిరిన అభిప్రాయం.

మన విద్యార్థుల చేతుల్లో పనితనం ఉంది. వాళ్లు చూపిస్తున్న పనిలో మాత్రం మన ఊరు కనబడదు, మన భాష కనబడదు, నిజమైన పనిలో అడుగడుగునా తగిలే అడ్డంకులేవీ కనబడవు. ఉద్యోగానికి సిద్ధపడటమంటే ఆఖరి సెమిస్టర్‌లో నెల రోజులు కూర్చుని ఉన్న పనులకు మెరుగులు దిద్దడమేనని అనుకుంటున్నంత కాలం ఇది మారుతుందని నాకు నమ్మకం లేదు.

ఏ పోర్ట్‌ఫోలియో తెరిచినా దాదాపు ఒకే సరుకు. ప్రపంచమంతటికీ తెలిసిన కాఫీ కంపెనీకో బూట్ల కంపెనీకో ఎవరూ అడగని కొత్త లోగో, ఎక్కడా జరగని సంగీతోత్సవానికి మూడు పోస్టర్లు, అమ్మకానికి లేని ఒక సెంటు సీసా, భోజనం తెచ్చిపెట్టే యాప్‌కు ఆరు స్క్రీన్లు. వాటన్నిటినీ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే మాకప్‌లలో, అంటే డిజైన్‌ను అతికించి చూపే రెడీమేడ్ ఫొటోల్లో, అమర్చి పెడతారు. చెక్క బల్ల మీద కాఫీ కప్పు, దాని పక్కన నీడ పడుతున్న విజిటింగ్ కార్డులు, ఇటుక గోడకు వేలాడే పోస్టర్. అదే కప్పు అదే కోణంలో ఎందరి దరఖాస్తుల్లోనో కనబడి, చివరికి అది మా ఇంటి కప్పేమోనన్న అనుమానం వచ్చే దాకా వెళ్లింది.

సాధన కోసం ఊహించుకుని పనులు చేయడం తప్పు కాదు. మేమూ అలాగే నేర్చుకున్నాం. ఇబ్బంది ఏమిటంటే ఆ పనిలో డబ్బిచ్చేవాడు లేడు, గడువు లేదు, మసకబారిన ఫొటో లేదు, పేజీలో పట్టనంత మ్యాటర్ లేదు. అర పేజీకి సరిపోయే మ్యాటర్‌ను పావు పేజీలో సర్దమన్న రోజున, ప్రారంభోత్సవ ప్రకటనలో తన తండ్రిగారి ఫొటో కూడా ఉండాల్సిందేనని కొట్టు యజమాని పట్టుబట్టిన రోజున, ఈ అభ్యర్థి ఏం చేస్తాడన్న ప్రశ్నకు ఆ కాఫీ కప్పు జవాబు చెప్పదు. ఉద్యోగమిచ్చేవాడు తెలుసుకోవాలనుకునేది సరిగ్గా ఆ సంగతే.

రెండేళ్ల కిందట ఒక అమ్మాయి పంపిన పోర్ట్‌ఫోలియో నాకు ఇప్పటికీ గుర్తుంది. అందులో ఉన్నవి ఐదే పనులు. మొదటిది పూతరేకుల పెట్టె. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చాక, వాటిని చుట్టి అమ్మే ఆ అమ్మాయి బంధువుల కుటుంబం మామూలు తెల్ల అట్టపెట్టెను మార్చాలనుకుందట. ఆ అమ్మాయి పెన్సిల్ పట్టుకునే ముందు స్కేలు పట్టుకుంది. మడిచిన పూతరేకు పొడవు, వెడల్పు, మందం కొలిచింది. పెట్టెలో చోటు ఎక్కువైతే అవి అటూ ఇటూ దొర్లి నలుగుతాయి, మరీ బిగిస్తే విరుగుతాయి, పైగా నెయ్యి అట్టకు పట్టి మరకలవుతాయి. మూడు రకాలుగా అట్ట కోసి, మడిచి, ఒక్కో పెట్టెను రావులపాలెం నుంచి హైదరాబాద్‌కు బస్సులో పంపించి, అక్కడ తెరిచినప్పుడు లోపల ఎలా ఉందో బంధువుల చేత ఫొటో తీయించి, ఆ ఫొటోలను కూడా పోర్ట్‌ఫోలియోలో వరుసగా పెట్టింది. మొదటి పెట్టెలో సగం పొడి అయిపోయాయి. ఆ పొడి ఫొటో చూసిన వెంటనే నేను ఆ అమ్మాయికి ఫోన్ చేశాను.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ పెట్టెకు వెనుక వైపు ఉంది. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే లైసెన్సు సంఖ్యకు 14 అంకెలు పట్టే చోటు, ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ చుక్కగా శాకాహార గుర్తు, పదార్థాల జాబితా, నికర బరువు, గరిష్ఠ చిల్లర ధర, తయారీ తేదీ, ఫిర్యాదు చేయాలంటే ఎవరికి చేయాలన్న వివరం, ఇవన్నీ అక్కడ లెక్క ప్రకారం ఉన్నాయి. మిగతా విద్యార్థులు గీసే ఆవకాయ సీసాల మీద, కాఫీ పొడి పొట్లాల మీద వెనుక వైపు ఖాళీగా ఉంటుంది, లేకుంటే అర్థం లేని లాటిన్ వాక్యాలు ఉంటాయి. చట్టం అడిగే వివరాలు లేనిది ఎంత అందంగా ఉన్నా లేబుల్ అనిపించుకోదు, లేబుల్ బొమ్మ మాత్రమే. డిజైనర్‌కు వచ్చే జీతంలో పెద్ద వాటా ఆ వెనుక వైపు పనికేనని వాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు. హైదరాబాద్ చుట్టుపక్కల మందుల కంపెనీలు ఎన్ని ఉన్నాయో అందరికీ తెలిసిందే. వాటికి పెట్టెలు, పట్టీలు చేసేవాళ్లు నిత్యం కావాలి. డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్1 మందుల లేబుల్‌పై హెచ్చరికను ఎర్ర గీతల గడిలో ఇవ్వాలన్న నియమం తెలిసి, దానికి చోటు వదిలి మందు పెట్టె గీసిన విద్యార్థి ఒక్కడైనా ఇంతవరకు నా కంటపడలేదు.

ఇక తెలుగు. నా అసలు ఫిర్యాదు ఇక్కడే ఉంది.

మా దగ్గరికి వచ్చే ప్రతి అభ్యర్థికీ ఒక గంట పని ఇస్తాం. ఒక పేజీ తెలుగు మ్యాటర్, ఒక శీర్షిక, రెండు ఉపశీర్షికలు, ఒక ఫొటో, ఒక చిన్న పట్టిక, అంతే. ఇంగ్లిష్ పోస్టర్లు కళ్లు చెదిరేలా చేసినవాళ్లు ఇక్కడ తడబడతారు. ఫొటోషాప్‌లో తెలుగు మ్యాటర్ అతికించగానే వత్తులు ఊడి పక్కన పడతాయి. 'రాష్ట్రం' అన్న ఒక్క మాట నాలుగు ముక్కలై పొల్లులతో నిలబడుతుంది. సాఫ్ట్‌వేర్‌కు తెలుగు రాదని తీర్మానించుకుని, ఫోన్‌లో మ్యాటర్ టైప్ చేసి, స్క్రీన్‌షాట్ తీసి, దాన్ని బొమ్మగా అతికించినవాళ్లు కూడా ఉన్నారు. సాఫ్ట్‌వేర్‌కు తెలుగు వచ్చు. ఫొటోషాప్‌లో వరల్డ్-రెడీ లేఅవుట్ ఎంచుకుంటే, పేజీలు కూర్చే ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకుంటే, వత్తులు బుద్ధిగా వాటి చోటికి వెళ్లిపోతాయి. నిమిషం పని. నాలుగేళ్ల కోర్సులో ఆ నిమిషం ఎవరికీ దొరకలేదంటే, ఆ నాలుగేళ్లలో తెలుగులో ఒక్క పేజీ కూడా ఆ విద్యార్థుల చేత చేయించలేదన్నమాట.

మరోవైపు మన అచ్చు రంగం ఇప్పటికీ పూర్తిగా యూనికోడ్‌కు, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగలిగే అక్షర సంకేతాలకు, మారలేదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు, పుస్తకాలు చేసే డీటీపీ కేంద్రాల్లో చాలా భాగం నేటికీ యూనికోడ్ కాని పాత అను ఫాంట్ల మీదే నడుస్తోంది. పేజీలు కూర్చే 2001 నాటి సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7ను కన్నబిడ్డలా చూసుకునే ఆపరేటర్లు మా బజారులోనే ఉన్నారు, వాళ్ల వేగం చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. అను మ్యాటర్‌ను వెబ్‌సైట్‌లో అతికిస్తే ఇంగ్లిష్ అక్షరాల గందరగోళం అవుతుంది. యూనికోడ్ మ్యాటర్‌ను పాత పేజ్‌మేకర్‌లో పెడితే ప్రశ్నార్థకాల వరుస అవుతుంది. ఈ రెంటి మధ్య మ్యాటర్‌ను మార్చడం, మార్పిడిలో ఎగిరిపోయిన అక్షరాలను చదివి పట్టుకోవడం తెలిసిన కొత్త డిజైనర్ కనిపిస్తే మా బోటివాళ్లు జీతం గురించి రెండో మాట మాట్లాడరు.

ఇంగ్లిష్ టైపోగ్రఫీ పాఠాలను తెచ్చి తెలుగుకు తొడిగితే పొసగవు. మనకు క్యాపిటల్ అక్షరాలు లేవు, కనుక శీర్షికను వేరుగా నిలబెట్టడానికి ఆ ఉపాయం పనికిరాదు. ఇటాలిక్ సంప్రదాయం లేదు; నిటారుగా పుట్టిన అక్షరాన్ని బలవంతంగా వంచితే గాలికి ఒరిగిన తాటిచెట్టులా కనబడుతుంది. పైన గుడులు, కింద వత్తులు ఉండటం వల్ల వరుసకూ వరుసకూ మధ్య ఎడం ఇంగ్లిష్ కంటే ఎక్కువ వదలాలి. పై వరుసలో 'స్త్రీ' కింద వేలాడే వత్తు కింది వరుసలో 'కీ' తలపై ఉన్న గుడి దీర్ఘాన్ని తాకిందంటే ఆ పేజీ చదవడం కంటికి శ్రమే. ఉచితంగా దొరికే మండలి, రామభద్ర, గురజాడ వంటి ఫాంట్లు, అమెరికా తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర పుణ్యమా అని గూగుల్ ఫాంట్స్‌లో అందరికీ అందుబాటులో ఉన్నాయి. కానీ వాటిలో ఒక్కోదానికి ఒకే మందం. ఒకే కుటుంబంలో సన్నం నుంచి లావు దాకా కావాలంటే అనేక్ తెలుగు, హింద్ గుంటూరు, నోటో సాన్స్ తెలుగు వంటి వాటి వైపు చూడాలి. ఏ ఫాంట్ ఎందుకు ఎంచుకున్నావని అడిగితే 'బాగుంది కదా సార్' అన్న జవాబు తప్ప మరొకటి రావడం అరుదు. బాపు గారి అక్షరాల గురించి అడిగితే 'ఆ ఫాంట్ నా దగ్గర ఉంది సార్' అంటారు. ఫాంట్ కాకముందు అది ఒక మనిషి కుంచె కొస నుంచి వచ్చిన రాత అని, ఆ మనిషి సినిమాల కంటే ముందు వ్యాపార ప్రకటనల రంగంలో ఉద్యోగం చేశారని చెబితే ఆశ్చర్యపోతారు.

మా పిల్లలు బెంగళూరుకో ముంబైకో వెళ్లాలనుకుంటారు, వాళ్లకు తెలుగు గొడవ ఎందుకండీ అని కొందరు తల్లిదండ్రులు అడిగారు. వెళ్లాలి, తప్పకుండా వెళ్లాలి. కానీ అక్కడి ప్రకటనల సంస్థలు ఒకే ప్రకటనను ఎనిమిది, పది భాషల్లోకి మారుస్తాయి, బ్యాంకుల యాప్‌లు ప్రాంతీయ భాషల్లో కనబడుతున్నాయి, వాటి తెలుగు రూపాలు ఎలా ఉంటున్నాయో మనం రోజూ చూస్తూనే ఉన్నాం. మాట మధ్యలో విరిగిన వరుసలు, బటన్‌లో పట్టక కింద తెగిపోయిన వత్తులు, ఇంగ్లిష్ పక్కన పిల్లకాయలా నిలబడ్డ చిన్న తెలుగు. అక్కడ ఆ బల్ల దగ్గర తెలుగు తెలిసిన డిజైనర్ లేకపోవడమే దానికి కారణం. పైగా వత్తుల లిపి ఒకటి అర్థమైనవాడికి కన్నడం సగం చేతికొచ్చినట్టే, దేవనాగరి చిక్కులు కూడా త్వరగా బోధపడతాయి.

చేసిన పనిని దాపరికం లేకుండా చూపించడం గురించి నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. 1990ల చివరలో హైదరాబాద్‌లో ఒక ప్రకటనల సంస్థలో మొదటి ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు నా ఫైలులో తొమ్మిది పనులున్నాయి. వాటిలో ఎనిమిది నావి. తొమ్మిదోది మా సీనియర్ చేసిన నాటక ప్రదర్శన పోస్టర్. అందులో నేను చేసింది రంగులు నింపడం మాత్రమే. కానీ ఫైలు బరువుగా ఉండాలని పెట్టుకున్నాను. ఆర్ట్ డైరెక్టర్ గారు మిగతావన్నీ తిప్పేసి సరిగ్గా దాని మీదే వేలు పెట్టి, ఈ పెద్ద అక్షరాన్ని ఎడమ పక్కకు ఎందుకు తోశావు బాబూ అని అడిగారు. నా నోట మాట రాలేదు. ఆయన కోప్పడలేదు, ఫైలు మూసి, టీ తెప్పించి, తాగాక పంపించేశారు. నేను నిజం చెప్పి ఉంటే ఆ ఎనిమిది పనుల గురించైనా మాట్లాడుకునేవాళ్లం.

ఇప్పటి పిల్లలు బృందాలుగా ప్రాజెక్టులు చేస్తారు కనుక ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఈ పనిలో నా వంతు ఫలానా అని ఒక్క వాక్యం రాస్తే సరిపోతుంది, ఎవరూ తక్కువ చేసి చూడరు. డిజైనర్లు పనులు పెట్టుకునే బిహాన్స్ సైట్‌లో ఎవరిదో పనిని రంగు మార్చి పెట్టుకుంటే, బొమ్మతో బొమ్మను వెతికే సౌకర్యం వచ్చాక అది బయటపడటానికి నిమిషం చాలు. కృత్రిమ మేధతో చేయించిన బొమ్మలకూ ఇదే వర్తిస్తుంది. వాడామని చెబితే తప్పేమీ లేదు, మేమూ కొన్ని పనులకు వాడుతున్నాం. దాచిపెడితే మాత్రం ఆ బొమ్మ మూలన ఉన్న దుకాణం బోర్డే పట్టిస్తుంది, ఎందుకంటే ఆ యంత్రాలు గీసే తెలుగు తరచూ ఏ భాషకూ చెందని వంకర గీతల్లా వస్తుంది. చిత్తు గీతలు, కొట్టివేసిన ఆలోచనలు, చెడిపోయిన నమూనాలు ఒకటి రెండు పేజీల్లో చూపించిన పోర్ట్‌ఫోలియోను నేను ఎక్కువసేపు చూస్తాను. పూతరేకుల పొడి సంగతి పైన చెప్పాను కదా.

రెజ్యూమె గురించి రెండు ముక్కలు. ఫొటోషాప్ 90 శాతం, ఇలస్ట్రేటర్ 85 శాతం అని గీతలు గీసి చూపించే అలవాటు ఎక్కడ పుట్టిందో తెలియదు. మిగిలిన ఆ 10 శాతం ఏమిటని అడిగితే ఎవరూ చెప్పలేరు. ఒక పేజీలో, వరుసలు సరిగ్గా పేర్చి, అక్షర దోషాలు లేకుండా ఉన్న రెజ్యూమెయే మొదటి డిజైన్ పని. పోర్ట్‌ఫోలియోను పీడీఎఫ్‌గా పంపితే జీమెయిల్ 25 ఎంబీ దాటనివ్వదు, నిజానికి 10 ఎంబీ లోపు ఉంటేనే ఫోన్‌లో చూసేవాడికి సుఖం. డ్రైవ్ లింకు పంపేవాళ్లు దాన్ని అందరూ చూడగలిగేలా తెరిచి పెట్టాలి. అనుమతి కోరండి అన్న స్క్రీన్ కనబడి నేను అడిగితే, అనుమతి నాలుగు రోజుల తరువాత వచ్చిన సందర్భాలున్నాయి, ఈలోగా ఖాళీ నిండిపోయింది. ఫైలుకు ఫైనల్-ఫైనల్-2 అని కాకుండా సొంత పేరు పెట్టాలి. ఏ సాఫ్ట్‌వేర్ వాడారన్నది మా వరకు పెద్ద విషయం కాదు. నెలనెలా చందా కట్టలేనివాళ్లు దొంగ కాపీ వెంట పడకుండా, ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్‌లో పని చేసి చూపించవచ్చు. యూనికోడ్ తెలుగును అది చక్కగానే చూపిస్తుంది.

ఇంతవరకు విద్యార్థుల గురించి చెప్పాను. ఉద్యోగాలిచ్చే మాలోనూ చెప్పుకోవాల్సిన తప్పు ఒకటుంది. పరీక్ష అన్న పేరుతో కొన్ని సంస్థలు అభ్యర్థుల చేత లోగో, పెట్టె, సోషల్ మీడియాకు పది పోస్టర్లు ఉచితంగా చేయించుకుంటున్నాయి. ఉద్యోగం రాని ఒక కుర్రవాడు తాను పరీక్ష కోసం చేసిన పండగ పోస్టర్‌ను నెల తరువాత ఆ సంస్థ పేజీలోనే చూశానని నాతో చెప్పి బాధపడ్డాడు. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం పనికి మొదటి హక్కుదారు ఆ పని చేసినవాడే. ఉద్యోగంలో భాగంగా చేసిన పనికైతే, వేరే ఒప్పందం లేనప్పుడు, యజమాని హక్కుదారు అవుతాడు. హక్కు చేతులు మారాలంటే 19వ సెక్షన్ ప్రకారం రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. అంటే ఉద్యోగమివ్వని సంస్థ, డబ్బివ్వని సంస్థ, సంతకం లేకుండా ఆ పోస్టర్‌ను వాడుకోవడానికి వీల్లేదు. ఇదే చట్టం రెండో వైపు నుంచి విద్యార్థికీ వర్తిస్తుంది: ఇంటర్న్‌షిప్‌లో జీతం తీసుకుని చేసిన పనిని పోర్ట్‌ఫోలియోలో పెట్టుకునే ముందు ఆ సంస్థను ఒక మాట అడగాలి, ముఖ్యంగా ఇంకా బజారులోకి రాని సరుకైతే. మా వరకు మేము ఎప్పుడో అచ్చయిపోయిన పాత మ్యాటర్‌తోనే గంట పరీక్ష పెడతాం, ఇంటికి ఇచ్చే పనైతే ముందే డబ్బు మాట్లాడుకుంటాం. పెద్ద సంస్థలకు ఇది అసాధ్యమేమీ కాదు.

మరో తప్పు, ఇంటర్వ్యూ అంతా ఇంగ్లిష్‌లో నడపడం. జిల్లాల నుంచి, తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పిల్లలు తమ పని గురించి తెలుగులో పది నిమిషాలు ధారాళంగా చెప్పగలరు. అదే ఇంగ్లిష్‌లో అడిగితే మూడు వాక్యాలకు ఆగిపోతారు. నలుగురితో మాట్లాడగలిగే ఇంగ్లిష్ వాళ్లు నేర్చుకోవాల్సిందే, అందులో సందేహం లేదు. కానీ అక్షరాల ఎంపిక, రంగుల ఎంపిక ఎంత తెలుసో కనుక్కోవడానికి ఇంగ్లిషే కావాలని ఎవరన్నారు?

కళాశాలలకు నా విన్నపం ఒక్కటే: ఉద్యోగానికి ఈ తయారీని మూడో సంవత్సరానికి జరపండి. ఒక సెమిస్టర్‌లో ప్రతి విద్యార్థీ తన ఊళ్లో ఉన్న ఒక నిజమైన అవసరాన్ని తీసుకుని పని చేయాలి. మా విజయవాడలో పండిట్ నెహ్రూ బస్ స్టేషన్ ఉంది. మొదటిసారి వచ్చిన పెద్దావిడ మనవరాలి ఊరికి వెళ్లే బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో తెలుసుకోవడానికి ఎంతమందిని అడుగుతుందో ఒక పూట కూర్చుని లెక్క పెడితే చాలు, సూచికల మీద ఏడాదికి సరిపడా పని దొరుకుతుంది. రైతు బజారులో రోజూ సుద్దముక్కతో రాసే ధరల పట్టిక, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తల్లులకు ఇచ్చే టీకాల కార్డు, గ్రంథాలయంలో అరల మీద చీటీలు కూడా అలాంటివే. వీటిలో ఒక్కటి చేసి, అక్కడి మనుషులకు చూపించి, వాళ్లు అన్న మాటలతో సహా పోర్ట్‌ఫోలియోలో పెట్టిన విద్యార్థిని హైదరాబాద్‌లో యాప్‌లు చేసే కంపెనీ అయినా ఆసక్తిగా చూస్తుంది, ఎందుకంటే వాళ్లు చేసే పని కూడా చివరికి అదే. దానితో పాటు ఒక్కసారైనా ప్రెస్సుకు తీసుకెళ్లండి. అంచు దాటించి మూడు మిల్లీమీటర్లు బ్లీడ్ (కోతలో పోయే అదనపు అచ్చు) ఎందుకు వదలాలో కట్టింగ్ మిషన్ ముందు ఐదు నిమిషాలు నిలబడితే జన్మలో మరిచిపోరు. నూరు శాతం ఉద్యోగ హామీ అని బోర్డులు పెట్టి మూడు నెలల్లో నాలుగు సాఫ్ట్‌వేర్లు నేర్పే శిక్షణ కేంద్రాల గురించి నేను ప్రత్యేకంగా చెప్పేది లేదు. మెనూలు నేర్పడం వరకు వాళ్లు బాగానే నేర్పుతున్నారు.

చివరగా మీకు ఒక విన్నపం. మీ ప్రకటనల విభాగానికి రోజూ ఎన్నో ఫైళ్లు వస్తుంటాయి, వాటిలో కొన్నిటిని సరిచేసి పంపమని వెనక్కి తిప్పాల్సి వస్తుంది. ఎందుకు తిప్పాల్సి వచ్చిందన్నది డిజైన్ విద్యార్థులకు ఏ పాఠ్యపుస్తకమూ చెప్పని పాఠం. ఉదాహరణకు ఫొటోషాప్‌లో మామూలుగా తీసుకున్న నలుపు, అచ్చుకు వాడే నాలుగు రంగులూ (ఒక్కోటి 100 శాతం వరకు) కలిపి 300 శాతం దాకా సిరా అడుగుతుంది. న్యూస్‌ప్రింట్ తట్టుకునేది 240 శాతం వరకే. అలాంటి నలుపు మీద తెల్లగా చిన్న తెలుగు అక్షరాలు పెడితే, ఒక్కో రంగుకు ఒకటిగా ఉండే నాలుగు ప్లేట్లలో ఒక్కటి వెంట్రుకవాసి జరిగినా సున్నాలు పూడుకుపోతాయి, వత్తులు మాయమవుతాయి. ఇంగ్లిష్ అక్షరం ఆ దెబ్బకు కొంత ఓర్చుకుంటుంది, తెలుగు ఓర్చుకోదు. ఇలాంటి తప్పులను, తప్పు రూపం పక్కన సరిదిద్దిన రూపం పెట్టి, ఏ ఆదివారమైనా మీ విద్యా పేజీలో ప్రచురించగలిగితే ఆఖరి సంవత్సరం విద్యార్థులు దాన్ని కత్తిరించి దాచుకుంటారు. ప్రకటనకర్తల ఫైళ్లు చూపించడం కుదరదంటే, మా స్టూడియోలో ఇరవై ఏళ్ల పాడైన ఫైళ్లున్నాయి, పేర్లు తీసేసి పంపుతాను. వాటిలో మొదటి నాలుగైదు నేను చేసినవే.

ఇట్లు,
భవదీయుడు,
ఒక గ్రాఫిక్ డిజైనర్,
విజయవాడ